నీరు పల్లమెరుగు: బెజవాడ ముంపు చుట్టూ వాదాలు

2024 సెప్టెంబరు మొదటి వారంలో అజిత్‌సింగ్‌నగర్ ఫ్లైఓవర్ పడవల రేవైంది. వంతెన దిగువన రోడ్డు ఉండాల్సిన చోట నీళ్లు. అవతల పాయకాపురం, కండ్రిక, వాంబే కాలనీ, నందమూరినగర్, రాజరాజేశ్వరిపేట రోజుల తరబడి మునిగి ఉన్నాయి. ఇవతల గవర్నరుపేట, బెంజి సర్కిల్ వైపు త్వరగానే దుకాణాలు తెరిచారు. ఒకే ఊళ్లో, ఒకే వానకు ఇంత తేడా ఎందుకు వచ్చిందన్న ప్రశ్నకు అప్పటినుంచి సమాధానాలకు కొదవ లేదు. ఆక్రమణలన్నారు కొందరు. కనీవినీ ఎరుగని వాన అన్నారు ఇంకొందరు. గేట్లన్నారు, గండ్లన్నారు, కొల్లేరన్నారు, అమరావతిని కూడా లాగారు. ప్రతి మాటలోనూ కొంత నిజముంది. చిక్కల్లా ఒకరు ఒక నీటి గురించి మాట్లాడుతుంటే మరొకరు ఇంకో నీటి గురించి బదులు చెబుతుండటం.

ఏ నీటి గురించి మాట్లాడుతున్నాం?

బెజవాడకు మూడు నీళ్ల బెడద ఉంది. మొదటిది కృష్ణ. పశ్చిమ కనుమల్లో మహాబలేశ్వరం దగ్గర పుట్టి, దాదాపు 2.59 లక్షల చదరపు కిలోమీటర్ల నేల మీది నీటిని పోగుచేసుకుని వస్తుంది. 2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజి దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు నమోదైంది. బ్యారేజిని డిజైన్ చేసిందే 11.9 లక్షలకు.

రెండోది బుడమేరు. మైలవరం ఎగువ కొండల నుంచి దిగి, వెలగలేరు మీదుగా, ఊరి ఉత్తరపు అంచును ఒరుసుకుంటూ జక్కంపూడి, సింగ్‌నగర్, గుణదల, రామవరప్పాడు, ఏనికేపాడు దాటి కొల్లేట్లో కలిసే వాగు. ఎండాకాలంలో చూస్తే మురుగు కాలవ అనుకుంటాం. బెజవాడ దుఃఖదాయని అన్న పేరు మాత్రం కృష్ణకు కాదు, దీనికే.

మూడోది ఊరి మీద పడ్డ వాన. అది ఏ నదికీ ఏ వాగుకీ చెందదు. మన డాబా మీద పడి, మన వీధిలో పారి, మన డ్రెయిన్ నోట్లోకి పోవలసిన నీరు. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో ఈ మూడూ ఒకేసారి వచ్చాయి. అందువల్లే ఏది ఎంత ముంచిందో సులువుగా విడదీయడం ఎవరికీ కుదరలేదు. మొగల్రాజపురంలో కొండచరియ విరిగి అయిదుగురు చనిపోయింది ఈ మూడో నీటి వల్లే. నది ఒడ్డున ఉన్న కృష్ణలంకను బెదిరించింది మొదటిది. సింగ్‌నగర్‌ను ముంచింది ప్రధానంగా రెండోది. భూమి వాడకం మారితే వరద ఎంత మారుతుందన్న ప్రశ్నకు ఈ మూడింటికీ మూడు వేరు వేరు జవాబులున్నాయి. మిగతా సమీక్షంతా ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది.

డెల్టాయే ఒక కట్టడం

భూమిని మార్చడం రియల్ ఎస్టేట్ వెంచర్లతో మొదలైందని అనుకోవడం మనకు అలవాటు. డెల్టా విషయంలో అది నూట డెబ్భై ఏళ్ల కిందటి మాట. ఆర్థర్ కాటన్ ఆలోచనతో, కెప్టెన్ చార్లెస్ ఓర్ చేతుల మీదుగా కృష్ణ మీద ఆనకట్ట 1855 నాటికి పూర్తయింది. అది 1952లో తెగింది. దాని స్థానంలో వచ్చిన ప్రకాశం బ్యారేజి 1957 నుంచి పనిచేస్తోంది. ఆనకట్టతో పాటే ఏలూరు కాలవ, బందరు కాలవ, రైవస్ కాలవ వచ్చాయి. డెల్టా ఇంజనీర్ల సూత్రం ఒకటే: మెరక మీద కాలవ, పల్లంలో మురుగు. మెరకన పారే కాలవ నీరు దానంతటదే పొలానికి దిగుతుంది, పొలం వదిలిన నీరు పల్లంలోని డ్రెయిన్‌లోకి చేరి సముద్రం దారి పడుతుంది.

చూడ్డానికి ముచ్చటైన ఏర్పాటే. అయితే ప్రతి కాలవకూ రెండు గట్లుంటాయి. ప్రతి గట్టూ ఒక అడ్డుకట్టే. దాని మీదకు రైలు కట్టలు వచ్చాయి, తర్వాత కలకత్తా–మద్రాసు రోడ్డు, ఆ తర్వాత బైపాసులు. ఏటవాలు కిలోమీటరుకు కొద్ది అంగుళాలు మాత్రమే ఉండే నేల మీద ఇన్ని కట్టలు లేచాక, నీరు ఎక్కడ దాటాలో నిర్ణయించేది పల్లం కాదు, కట్టకింద పెట్టిన తూము. బుడమేరు ఏలూరు కాలవను దాటేది కూడా ఏనికేపాడు దగ్గర కాలవ అడుగు నుంచే. అక్కడి ఇంజనీర్లు ‘యూటీ’ అనే ఆ సొరంగం ఎంత నీటిని మింగగలిగితే, ఎగువనున్న ఊరికి అంతే విడుదల. మిగతాది ఎగదన్నుతుంది.

డెల్టాకు ముంపు కొత్త కాదు. 1960ల వరదల తర్వాత వేసిన మిత్రా కమిటీ డ్రెయిన్ల గురించీ, కొల్లేరు గురించీ, ఉప్పుటేరు గురించీ చెప్పిన మాటలు ఈనాటికీ నీటిపారుదల శాఖ చర్చల్లో ప్రస్తావనకు వస్తుంటాయి. బుడమేరు వరదను ఊరికి రాకముందే వెలగలేరు దగ్గర ఆపి, పడమరకు మళ్లించి, ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలిపే మళ్లింపు కాలవ కూడా ఆ కాలపు ఆలోచనే. 2005లో బుడమేరు ఊళ్లోకి వచ్చినప్పుడు మళ్లీ కదలిక వచ్చింది. నీరు తీశాక కదలికా తీసింది.

మొదటి వాదం: సిమెంటే శత్రువు

ఇది అందరికీ తెలిసిన వాదం. నేల మీద కప్పులు, రోడ్లు, కాంక్రీటు పెరిగేకొద్దీ వాన ఇంకడం తగ్గుతుంది, పారడం పెరుగుతుంది, పైగా త్వరగా పారుతుంది. వరద మొత్తం పెరగడం ఒక ఎత్తు, అది ఒకే గంటలో వచ్చి మీద పడటం మరో ఎత్తు. కృష్ణ మీద ఆనకట్ట లేస్తున్న రోజుల్లోనే ఐర్లండులో థామస్ మల్వానీ అనే ఇంజనీరు దీనికి ఒక సూత్రం కట్టాడు. వాన తీవ్రతను విస్తీర్ణంతో హెచ్చవేసి, నేల స్వభావాన్ని బట్టి ఒక గుణకం పెట్టడమే అది. పచ్చిక నేలకు ఆ గుణకం పదో వంతు నుంచి మూడో వంతు దాకా, కాంక్రీటుకు పదికి తొమ్మిది పాళ్లు. ఇవాళ మునిసిపల్ డ్రెయిన్లు గీసేదీ దాదాపు ఈ లెక్కతోనే. 1968లో అమెరికా జియలాజికల్ సర్వేలో లూనా లియోపోల్డ్ పట్టణీకరణ వల్ల వాగుల్లో వరద ఎలా హెచ్చుతుందో చూపించాక, నగర ప్రణాళికల్లో ఇది మూల పాఠమైపోయింది. మన జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2010లో తెచ్చిన పట్టణ వరదల మార్గదర్శకాల్లోనూ ఇదే సారం.

దీన్ని సింగ్‌నగర్ అవతల ఒక ఎకరానికి తెచ్చి చూద్దాం. ఎకరం మీద 10 సెంటీమీటర్ల వాన పడితే 4 లక్షల లీటర్లు. పదివేల లీటర్ల ట్యాంకర్లయితే నలభై. ఆ ఎకరం వరిచేనైనప్పుడు చుట్టూ జానెడు గట్టుంది. గట్టు తెగకపోతే ఆ నలభై ట్యాంకర్లూ చేలోనే నిలబడేవి. మునిగింది కొద్ది రోజుల పాటు నారు. అదే ఎకరాన్ని మెరక తోలి లేఔట్ చేశాక, సగానికి మించి డాబా, రోడ్డు, వాకిలి. నలభైలో సగానికి పైగా ట్యాంకర్లు గంటా రెండు గంటల్లో బయటికొస్తాయి. పైగా తోలిన మట్టి ఆక్రమించిన చోటు కూడా నీటిదే. కాబట్టి పొరుగు చేనుకు రెండు నష్టాలు: ఇక్కడి నుంచి కొత్తగా వచ్చే నీరు, ఇక్కడ నిలబడలేక తరిమేసిన నీరు.

ఈ వాదం నేను చెప్పిన మూడో నీటికి, అంటే వీధి నీటికి నూటికి నూరుపాళ్లు వర్తిస్తుంది. బెజవాడ వాన నీటి డ్రెయిన్ల కోసం కేంద్రం 461 కోట్ల రూపాయలిచ్చింది. పనులు మొదలై, కొంత దూరం సాగి, పూర్తి కాకుండానే ఆగిపోయాయి. దాన్ని గురించి ఇక వాదమే లేదు, ఉన్నది బాకీయే.

రెండో వాదం: వానే వాన

రెండో వర్గంలో జలశాస్త్రవేత్తలు ఎక్కువ. చిన్న వానలకూ పెద్ద వానలకూ నేల ఒకేలా స్పందించదని వీరి మాట. 1975లో బ్రిటన్‌కు చెందిన జి.ఇ. హాలిస్ అప్పటిదాకా వచ్చిన పరిశీలనలన్నీ కూడగట్టి, మరిచిపోలేని ఒక ఫలితం చెప్పాడు. పట్టణీకరణ వల్ల చిన్న వరదలు పది రెట్లు కావచ్చు. నేలలో ముప్పై శాతం కప్పేసినా, నూరేళ్లకొకసారి వచ్చే వరద మహా అయితే రెట్టింపు. అరుదైన వరద దగ్గరికొచ్చేసరికి పట్టణం చేతిలో ఉన్నది తగ్గుతూ పోతుంది. కారణం మామూలుదే: అంత వాన పడ్డాక పొలం కూడా చాలా మటుకు కాంక్రీటులాగే ప్రవర్తిస్తుంది.

కృష్ణా జిల్లా నల్లరేగడి ఈ వాదానికి చక్కటి సాక్షి. వేసవిలో అది బెత్తెడు నెర్రెలిస్తుంది. తొలకరి వాన ఎంత పడినా ఆ నెర్రెల్లోకే పోతుంది. ఆగస్టు వచ్చేసరికి నెర్రె మూసుకుపోయి, నేల జిగటగా బిగుసుకుని, పైన పడ్డ నీటిని లోపలికి రానివ్వదు. అప్పుడు పడే 25 సెంటీమీటర్లకు పైబడిన వానకు చేనూ డాబా దాదాపు ఒకటే. 2024 ముంపు రోజుల్లోనే మున్నేరు పొంగి ఖమ్మాన్ని ముంచింది. మున్నేరు ఎగువన ఉన్నది ఎక్కువగా పల్లెలూ పొలాలే కదా అని వీరు అడుగుతారు.

కృష్ణ విషయంలో ఈ వాదం ఇంకా గట్టిది. 2009 అక్టోబరులో కర్నూలును ముంచి బ్యారేజికి దాదాపు 11 లక్షల క్యూసెక్కులు తెచ్చిన వరదకూ, బెజవాడలో ఎన్ని అపార్ట్‌మెంట్లు లేచాయనే దానికీ ఏ సంబంధమూ లేదు. ఆ నీరు కర్ణాటకలోనూ తుంగభద్ర పరీవాహకంలోనూ పడింది. కృష్ణలంకను కాపాడటానికి రిటైనింగ్ వాల్ కట్టడం ఇందుకే సమంజసమైంది. 2024లో ఆ గోడ తన పని తాను చేసింది. వచ్చే నీటిని తగ్గించలేనప్పుడు ఊరికీ నదికీ మధ్య గోడే దిక్కు.

అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. ‘మహా అయితే రెట్టింపు’ అన్న మాట శాస్త్రవేత్తకు ఊరట కావచ్చు. కాలవ కట్టు పొంగడానికి రెట్టింపు అక్కర్లేదు, పావు వంతు హెచ్చినా చాలు. పరీవాహకం బుడమేరంత చిన్నదైతే, వెంచర్లు కొండ అంచుల దాకా ఎగబాకుతుంటే, హాలిస్ లెక్క మనకు అభయమివ్వదు.

మూడో వాదం: వాగుకు చోటెక్కడ?

ఈ రెండు వాదాలూ నీరు ఎంత వచ్చిందని అడుగుతాయి. మూడోది దానికి ఎంత చోటిచ్చామని అడుగుతుంది. నా దృష్టిలో బుడమేరు కథ తెలియాలంటే ఈ ప్రశ్నే దారి.

వెలగలేరు రెగ్యులేటర్ దగ్గర రెండు దారులున్నాయి. ఎడమకు వదిలితే పాత బుడమేరు, అంటే ఊరు. కుడికి వదిలితే మళ్లింపు కాలవ, అంటే కృష్ణ. మళ్లింపు కాలవ మోయగలిగింది 15 వేల క్యూసెక్కుల పైచిలుకు. 2024లో అక్కడికి వచ్చింది 35 వేలకు పైనే అని ప్రభుత్వ వర్గాలే చెప్పాయి. కాలవ నిండింది. జి.కొండూరు మండలం కవులూరు, శాంతినగర్ దగ్గర మూడు చోట్ల గండ్లు పడ్డాయి. రెగ్యులేటర్ గేట్లెత్తక తప్పలేదు. గండ్లను గేబియన్ బుట్టలతో, రాళ్లతో సైన్యమూ నీటి వనరుల శాఖా కలిసి సెప్టెంబరు 7 నాటికి పూడ్చాయి. అప్పటిదాకా సింగ్‌నగర్‌లో ముంపు తగ్గుతూ పెరుగుతూ ఉండటానికి ఇదే కారణం.

మళ్లింపు కాలవలో ఒక మూల దోషం ఉంది. అది కలిసేది బ్యారేజి ఎగువ నిల్వలో. కృష్ణ మామూలుగా ఉన్నప్పుడు బుడమేరు నీరు హాయిగా దిగిపోతుంది. కృష్ణ పొంగిన రోజు మళ్లింపు కాలవ నోరు నది నీటికి మూసుకుపోతుంది, వాలు పోతుంది, నీరు ఎగదన్నుతుంది. రెండూ ఒకేసారి పొంగవన్న నమ్మకం మీద ఈ ఏర్పాటు నడుస్తోంది. 2024లో రెండూ పొంగాయి. దీనికి తోడు ఆ కాలవకు తర్వాత ఇంకో పని అంటగట్టారు. 2015 నుంచి పట్టిసీమ గోదావరి నీరు పోలవరం కుడికాలవ ద్వారా ఇదే దారిలో కృష్ణకు చేరుతోంది. వరద కాలవ వరదకు ముందు ఖాళీగా ఉండాలి. నీళ్లు తరలించే కాలవ నిండుగా ఉండాలి. ఒకే కాలవతో రెండు పనులూ చేయించడంలోని ఇబ్బంది ఇది.

ఇక పాత బుడమేరు. గట్ల మీద ఇళ్లు, ఒడ్డున లేఔట్లు, గుర్రపుడెక్క, పూడిక. ఆక్రమణలనగానే పేదల గుడిసెలే గుర్తొస్తాయి గానీ, బుడమేరు పల్లంలో రిజిస్టరై, పన్ను కట్టి, కరెంటు మీటరు పెట్టుకున్న కాలనీలే ఎక్కువ. అనుమతి ఇచ్చిన చేత్తోనే ఆక్రమణ అనడం ఎలా కుదురుతుంది? 2024 తర్వాత ప్రభుత్వం ప్రకటించిన ‘ఆపరేషన్ బుడమేరు’ నెమ్మదించడానికి డబ్బు మాత్రమే కారణం కాదు, ఈ ప్రశ్న కూడా కారణమే.

తోక దగ్గర కొల్లేరు

ఎగువన ఎంత వెడల్పు చేసినా, బుడమేరు చివరికి కొల్లేట్లో పడాలి. తమ్మిలేరూ రామిలేరూ అక్కడికే వస్తాయి, డెల్టా డ్రెయిన్లూ అక్కడికే. బయటికి పోయే దారి ఉప్పుటేరొక్కటే. దాదాపు 60 కిలోమీటర్ల ఆ దారిలో సముద్రపు పోటు ఎదురొస్తుంది. కాబట్టి కొల్లేరు నిజానికి చెరువు కాదు, నీరు తన వంతు వచ్చేదాకా ఆగే గది.

ఆ గదిలో చేపల చెరువులు లేచాక చోటు తగ్గింది. వరిచేనుకూ చేపల చెరువుకూ వరద లెక్కలో పెద్ద తేడా ఉంది. చేను ఖాళీ గిన్నె, చెరువు నిండు గిన్నె. పైగా చెరువు గట్టు ఎత్తు, చేను గట్టు జానెడు. 1999లో సముద్ర మట్టానికి అయిదడుగుల ఎత్తున ఉండే +5 కాంటూరు దాకా 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యం చేశారు. 2002లో రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేరింది. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరుతో చెరువు గట్లు కొట్టేశారు. 2008లో శాసనసభ హద్దును +3కు కుదించాలని తీర్మానించింది. కేంద్రం వేసిన అజీజ్ కమిటీ +5ను కదపొద్దంది. గట్లు కొన్ని మళ్లీ లేచాయి. +5 లోపల జిరాయితీ భూములున్నవారు పరిహారమేదని అడుగుతారు, ఆ అడగడంలో తప్పేమీ లేదు. కొల్లేరును పక్షుల సమస్యగా చర్చించినంత కాలం అది పక్కనున్న కైకలూరు వాళ్ల గొడవగానే మిగిలింది. అది బెజవాడ డ్రెయిన్ నోరని గుర్తిస్తే లెక్క మారుతుంది.

నది అవతలి ప్రయోగం

అమరావతి ఈ వాదాలన్నిటికీ పరీక్ష. 217 చదరపు కిలోమీటర్ల రాజధాని, నడుమ కొండవీటి వాగు. ఆ వాగు కృష్ణలో కలిసే ఉండవల్లి దగ్గర నది నీటి మట్టం ఎక్కువైతే వాగు నీరు దిగదు. అంటే బుడమేరు మళ్లింపు కాలవ చిక్కే అక్కడా ఉంది. 2018లో అక్కడ 5 వేల క్యూసెక్కుల ఎత్తిపోతల పెట్టారు. నీరుకొండ, కృష్ణాయపాలెం, శాఖమూరు రిజర్వాయర్లు ప్రణాళికలో ఉన్నాయి. రాజధాని ఎంపికను సవాలు చేసిన కేసులో 2017 నవంబరులో జాతీయ హరిత ట్రైబ్యునల్ షరతులతో పచ్చజెండా ఊపింది. అంతకుముందు 2014లో శివరామకృష్ణన్ కమిటీ సారవంతమైన ఈ నేలలను ముట్టుకోవద్దని సూచించింది. మంచి పొలాన్ని నగరం చేయడం తెలివైన పనా అన్నది వేరే ప్రశ్న. వరద వరకు చూస్తే, అక్కడ నీటికి ముందే చోటు గీసుకునే అవకాశముంది, బెజవాడకు అది లేదు. అయితే మోటార్లతో నడిచే వరద రక్షణ కరెంటు ఉన్నంతసేపే రక్షణ.

పక్కపక్కన పెడితే

వీధి నీటి విషయంలో మొదటి వాదం గెలుస్తుంది: నేలను కప్పిన కొద్దీ ముంపు పెరుగుతుంది, మందు డ్రెయిన్లూ ఇంకుడు స్థలాలూ. కృష్ణ విషయంలో రెండోది గెలుస్తుంది: బెజవాడ ఏం కట్టినా, కట్టకపోయినా 11 లక్షల క్యూసెక్కులు వస్తాయి, మందు గోడా ఎగువ రిజర్వాయర్ల నిర్వహణా. బుడమేరు విషయంలో మూడోది బలంగా ఉంది, మొదటిదానికి కొంత భాగముంది. అక్కడ డాబాల కన్నా మెరకలూ గట్లూ ఇరుకు తూములూ ఎక్కువ కీడు చేశాయి. కాంక్రీటును తిట్టేవాళ్లు సింగ్‌నగర్ ముంపుకు కవులూరు గండిని మరిచిపోతారు. గండిని తిట్టేవాళ్లు ఏనికేపాడు యూటీని మరిచిపోతారు. ‘నూరేళ్ల వాన’ అనేవాళ్లు 2005ను మరిచిపోతారు.

తేలనివి

మళ్లింపు కాలవను వెడల్పు చేసి సామర్థ్యాన్ని రెట్టింపు దాటించాలన్న ప్రతిపాదన ఉంది. కృష్ణ పొంగిన రోజు ఆ వెడల్పు ఎంతవరకు పనికొస్తుందో బహిరంగంగా ఎవరూ లెక్క చూపలేదు. పాత బుడమేరును కొల్లేరు దాకా బాగుచేస్తే ఊరు తేలికపడుతుంది, కానీ అదే నీరు ఇంకా త్వరగా నందివాడ, కైకలూరు వైపు పోతుంది. ముంపును ఒక మండలం నుంచి మరో మండలానికి పంపే హక్కు ఎవరిదన్నది ఇంజనీరింగు ప్రశ్న కాదు. పల్లపు పొలాలను వరద వచ్చినప్పుడు నీటికి ఇచ్చేలా రైతుకు ఏటా డబ్బివ్వడం యూరప్‌లో కొన్నిచోట్ల నడుస్తోంది. డెల్టాలో దాన్ని గురించిన చర్చ ఇంకా మొదలే కాలేదు.

ఈలోగా సింగ్‌నగర్‌లాంటి పేటల్లో జనం తమ పరిష్కారం తాము వెతుక్కుంటున్నారు. కొత్త ఇల్లు కట్టేవారు గోడ మీది వరద చార చూసి, పునాదిని దానికి జానెడు పైకి లేపుతారు. రోడ్డు వేసినప్పుడల్లా పాత తారు మీదే కొత్త పొర పడుతుంది. దాంతో పక్కింటి గడప వీధి కన్నా మెట్టు దిగువకు పోతుంది. తర్వాతి వానకు ఆ రెండిళ్ల మధ్య నీరు ఎటు పోవాలో ఇప్పటికే నిర్ణయమైపోయింది.